మీ ఇష్టం అన్నాను, యాటకూర పోయింది

ఇంతకాలం నా గోడు ఒక్కరూ వినలేదు. నా పెళ్లి విందు చెడగొట్టానన్న నింద మాత్రం సూర్యాపేటలో చుట్టాలంతా కలిసి నా నెత్తిన పెట్టారు. ఇవాళ మీరు వినాల్సిందే. ఆ ఘోరానికి నేను వాడిన ఆయుధం రెండే రెండు మాటలు: "మీ ఇష్టం."

మర్యాదస్తుల మాట అది. "నా మనసులో ఉన్నది మీరే కనిపెట్టి చెయ్యండి" అని దానర్థం. ఈ సంగతి లోకమంతటికీ తెలుసు, మిర్యాలగూడలో నాకు పిల్లనిచ్చిన మామకు తప్ప.

పెళ్లికి ముందు ఆయన ఫోన్ చేశాడు.

"అల్లుడుగారు, దావత్‌ల ఏం పెట్టుమంటరు?"

నా కళ్లముందు యాటకూర, అదే మటన్ కూర, కుతకుత ఉడికింది. కానీ కొత్త అల్లుణ్ని, నోరు తెరిచి అడిగితే ఏం బాగుంటుంది?

"మీ ఇష్టం మామా."

"మల్ల నన్ను అనద్దు. నిజంగ నా ఇష్టమేనా?"

"మొత్తం మీ ఇష్టమే!"

ఆయన మెడలో తులసిమాల ఉందని, ఆయన నీసు ముట్టడని నాకు గుర్తుంటే కదా!

పెళ్లినాడు మా మేనమామ కోదాడ నుంచి బస్సు నిండా జనంతో దిగాడు. చొక్కా చేతులు మడిచి విస్తరి ముందు కూర్చున్నాడు. గుత్తివంకాయ వచ్చింది. పప్పు వచ్చింది. పెరుగు కూడా వచ్చేసింది. ఆయన మొహం పంక్చరైన ట్యూబులా అయింది.

"ఏరా, యాట ఏదిరా?"

"అడిగిండ్రు మామయ్యా. మీ ఇష్టమన్న."

"పెళ్లికి పిలిచావా, ఉపవాసానికి పిలిచావా?"

బస్సు బస్సంతా ఊరి బయట హోటల్‌కు పోయింది. మా పెళ్లి ఫొటోల్లో ఇప్పటికీ వెనక ఖాళీ కుర్చీలే. కడుపు మండి, పిల్లనిచ్చిన మామను నిలదీశాను.

"నా ఇష్టమని మీరే గద అన్నరు? నాకు వంకాయంటే పానం," అన్నాడు, ఇంకో కాయ వడ్డిస్తూ.

తినని యాట మీద ఆనాడే ఒట్టేసుకున్నాను, ప్రాణం పోయినా ఆ రెండు మాటలు అననని. అనలేదు కూడా. టీలో చక్కెర ఎంతని అడిగినా గట్టిగా చెబుతాను.

ఇప్పుడు నా బిడ్డ పెళ్లి. కోదాడ వియ్యంకుడి ఇంటికి స్వయంగా వచ్చి అడిగాను.

"బావగారూ, యాటనా, కోడా?"

"అయ్యో, మీ ఇష్టమండీ."

"నా ఇష్టం గిష్టం వద్దు. మీరు చెప్పుండ్రి!"

"మీరు ఎలాగంటే అలాగేనండీ."

పొద్దుటి నుంచి ఇదే పాట. ఈ ముక్కలు వాళ్ల సోఫాలోనే కూర్చుని ఫోన్‌లో రాస్తున్నాను. టీ మీద టీ వస్తోంది, బావగారికి నవ్వు మీద నవ్వు వస్తోంది, జవాబు మాత్రం రావడం లేదు. నేను లేవను. బావగారూ, నవ్వింది చాలు. యాటనా, కోడా? చెప్పండి!