పుట ౨౧౪ దగ్గర మడత

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే కింద రాసింది చదివి నన్ను ఆ జట్టులో కలిపేసుకోవాలని చూసేవాళ్ళు ఉంటారు.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. కంప్యూటర్ భద్రత గురించి నాకు తెలిసిందంతా ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర మా తెలుగువాళ్ళ చిన్న గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే. అందుకు నాకు సిగ్గు లేదు, గర్వమే.

ఆ గ్రంథాలయాన్ని సింహాద్రి మాస్టారు చూసేవారు. ఆయనకొక అలవాటు. ఎవరైనా పుస్తకం తిరిగి ఇస్తే, వాళ్ళు చదవడం ఆపేసిన చోట మూల మడిచిన పుట వెతికేవారు. మడత విప్పి, చిన్న చీటీ మీద తెలుగు అంకెల్లో పుట సంఖ్య వేసి, "ఇక్కడ ఆగినావు. మిగిలింది సదువు" అని రాసేవారు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ చీటీ చేతిలో పెట్టేవారు. "సగంలో వొదిలేసి నా దగ్గర తప్పించుకోలేవే గుంటా" అనేవారు.

ఆయన పోయి నాలుగేళ్ళు.

నేనొక తెలుగు బడి ఆఫీసులో గుమాస్తాను. పిల్లల పుట్టిన తేదీలు, మార్కులు, టీసీల వివరాలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ వివరాల రిజిస్టరు పాతకాలపు బ్రౌజర్‌లో తప్ప తెరుచుకోదు. అదే బ్రౌజర్‌తో అందరూ ఇంటర్నెట్ కూడా చూసేవారు. ప్రమాదమని చెప్పాను.

బ్రౌజర్ ఒక పని కోసం మెమరీలో కొంత చోటు తీసుకుని, పని అయ్యాక ఖాళీ చేస్తుంది. పాతవి కొన్నిసార్లు ఆ చోటి తాళంచెవి తమ దగ్గరే ఉంచేసుకుంటాయి, రైల్వే క్వార్టరు ఖాళీ చేసినవాడు తాళంచెవి తిరిగి ఇవ్వనట్టు. ఈలోగా అందులో దొంగ దిగినా, బ్రౌజర్ ఇంకా తన ఇల్లే అనుకుని లోపలికి వెళ్తుంది. వాడు చెప్పినట్టల్లా చేస్తుంది.

బడి సెక్రటరీ గారు నవ్వారు. "నాలుగు పుస్తకాలు సదివేసి ఇంజనీరైపోనావేటమ్మా? ఆదివారం బడి కమిటీ ముందు సూపించు. సూపించలేకపోతే ఆ కంప్యూటర్ జోలికి ఇంక రాకు."

"సూపిస్తానండి. ముందు పరీక్షకి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టండి" అన్నాను. అనుమతి లేకుండా చేస్తే అది పరీక్ష కాదు, దొంగతనం.

"ఓలమ్మో!" అంటూనే పెట్టారు.

నాకు వేరే కంప్యూటర్ లేదు. అందుకని శుక్రవారం ఉదయం ఆఫీసు కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేశాను. దానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో పాత బ్రౌజర్ పెట్టి, తప్పులతడక పేజీలు ఒకదాని వెంట ఒకటి తినిపించే టూల్ నడిపాను. మధ్యాహ్నం మూడున్నరకి బ్రౌజర్ కూలింది. కూలినప్పుడు మెమరీలో ఏముందో ఫైలుగా దాచి, చదవగలిగే అక్షరాలను ఏరించాను. అంతా చెత్త. మధ్యలో, ఖాళీ చేసిన చోట, ఒక తెలుగు వరుస:

"పుట ౨౧౪. ఇక్కడ ఆగినావు. మిగిలింది సదువు."

ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. డిస్కంతా వెతికాను, ఆ మాటలు ఏ ఫైల్లోనూ లేవు. మాస్టారు జీవితంలో కీబోర్డు ముట్టలేదు. ఆ కంప్యూటర్ ఆయన పోయాక గోల్‌బజార్‌లో కొన్నది. గది తాళం నా దగ్గరే ఉంది.

సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళాను. నేను సగంలో వదిలేసిన పుస్తకం ఒక్కటే ఉంది, కంప్యూటర్ పరీక్షల మీద ఎర్ర అట్ట ఇంగ్లీషు పుస్తకం. అది తిరిగిచ్చిన వారమే మాస్టారు ఆస్పత్రిలో చేరారు. ఆ చీటీ నాకు అందలేదు. ఎక్కడ ఆపానో నాకే గుర్తు లేదు. తీసి చూస్తే, ౨౧౪వ పుట మూల ఇంకా మడిచే ఉంది.

తర్వాతి పుట మొదటి పేరాలోనే ఉంది హెచ్చరిక. పరీక్ష యంత్రానికీ అసలు యంత్రానికీ మధ్య ఉమ్మడి ఫోల్డర్ తెరిచి ఉంచకూడదు.

నేను ఉంచాను. బ్రౌజర్‌ను లోపలికి పంపడానికి ఒక ఫోల్డర్ తెరిచి, మూయడం మరిచాను. అది పిల్లల రికార్డులున్న ఫోల్డరే. దొంగ లోపలికొచ్చి ఫైళ్ళెలా చెరిపేస్తాడో ఆదివారం చూపించబోతున్నాను. అందరి ముందు, నా చేత్తోనే, ఆ పిల్లల వివరాలన్నీ తుడిచేసేదాన్ని. వేరే కాపీ లేదు.

శనివారం కాపీ తీశాను, ఆ దారి మూసేశాను. ఆదివారం కమిటీ ముందు ఉత్తుత్తి ఫైళ్ళు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. సెక్రటరీ గారు "ఠీక్ హై. ఆ దరిద్రాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేయమ్మా" అన్నారు. ఆ వరుస చూపిస్తే మాత్రం, "నువ్వే టైపు సేసుకున్నావు గదేటి!" అని మళ్ళీ నవ్వారు.

నవ్వనివ్వండి. అదే పరీక్ష ఎన్నోసార్లు మళ్ళీ నడిపాను. బ్రౌజర్ కూలుతుంది, ఆ వరుస రాదు. మొదటి ఫైలు నా దగ్గరుంది, ఎవరైనా వచ్చి విప్పి చూసుకోవచ్చు. మరిచిన పుట సంఖ్యను నా మనసే దాచుకుందంటారా? సరే. అది మెమరీలోకి ఎలా దిగిందో చెప్పండి. దయ్యమంటే ఒప్పుకోను. ఏమీ జరగలేదన్నా ఒప్పుకోను. నాకు తెలియదని చెప్పడానికి మాత్రం నేను జంకను.

ఆ ఎర్ర అట్ట పుస్తకం చివరి పుట దాకా చదివాను. ౨౧౪ దగ్గర మడత మాత్రం విప్పలేదు. అది విప్పే పని నాది కాదు.