బైబిలమ్మ గారు చెప్పనన్న మాట

2006 ఫిబ్రవరి, ఆదివారం. మన చర్చి సంఘంలోని వారందరికీ.

మా ఎదురింటి బైబిలమ్మ గారు మొన్న గురువారం ఉదయం కన్నుమూశారు. శుక్రవారం మన సంఘం సమాధుల తోటలో ఆమెను పెట్టాం. అక్కడ మైకులో చదివిన ఆమె జీవిత చరిత్రలో ఒక వాక్యం తప్పు. ఆమె కొడుకు పత్తిచేలో మందు కొడుతుండగా ప్రమాదవశాత్తు చనిపోయాడని చదివారు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ ఒక్క మాట అనమని అందరూ బతిమాలితే ఆమె అననన్నారు. దానివల్ల ఉన్న కాస్తా పోగొట్టుకున్నారు. చివరికి ఆమె శవపెట్టె పక్కన నిలబడి అదే మాట చదివారు. అందుకే ఇది రాస్తున్నాను. అబద్ధమాడిన మనవళ్ళ చేత గోడకుర్చీ వేయించే దాన్ని నేను. ఇది విని ఊరుకుంటే వాళ్ళకు ఇక ఏమీ చెప్పలేను.

కొత్తగా సంఘంలో చేరినవారి కోసం చెబుతున్నాను. ఆమె పని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చోవడం. తెల్లచీర, నల్ల గొడుగు, పాత చెప్పులు. ఎవరైనా మాటవరసకు భోజనం అయిందా అని అడిగితే మనమంతా అయిందంటాం. ఆమె మాత్రం, కాకపోతే కాలేదనే చెప్పేవారు. పెడితే కూర్చుని తినేవారు. ఇదేం మొహమాటం లేని మనిషని నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒకసారి మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. ఒకావిడ లేచి, ప్రార్థన చేయగానే తన జ్వరం దిగిందని సాక్ష్యం చెప్పింది. బైబిలమ్మ గారు కళ్ళు మూసుకునే, "మాత్ర సంగతి కూడా చెప్పమ్మా, పాపం అదీ కష్టపడింది" అన్నారు. అందరం నవ్వాం. తరువాత బయటికి వచ్చేటప్పుడు నాతో మెల్లిగా అన్నారు: "దేవుణ్ణి పెద్ద చేయడానికి మనం అబద్ధమాడక్కర్లేదు టీచరుగారూ. ఆయన ఎంతో అంతే."

వాళ్ళకు కౌలుకు తీసుకున్న కొద్దిపాటి చేను ఉండేది. ఒక ఏడు మిరప, ఒక ఏడు పత్తి. ఎండుమిరపకాయ బస్తాలకెత్తే ముందు నీళ్ళు చల్లడం మన వైపు మామూలే. బస్తాలో తొక్కేటప్పుడు కాయ విరగకుండా కొంచెం చల్లాలి. ఆ పైన చల్లేదంతా తూకం కోసం. ఎక్కడ ఆపాలో అందరికీ తెలుసు, ఆపేవాళ్ళే తక్కువ. ఆమె కల్లంలో నిలబడి కొడుకును ఆపేవారు. "చాలు నాయనా. ఇంతవరకూ కాయ కోసం. ఇక చల్లితే మన కోసం." అతను చెంబు కింద పెట్టి, "నువ్వు కల్లంలో ఉంటే మిరపకాయ కూడా మారుమనస్సు పొందుద్దే అమ్మా" అనేవాడు. అలాంటి పిల్లవాడు. మన చర్చిలో డోలక్ వాయించేవాడు.

తొంభై ఎనిమిదిలో పత్తిని పచ్చపురుగు తినేసింది. ఏ మందుకూ చావలేదు. ఊళ్ళో ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. ఒక మధ్యాహ్నం అతను చేలోనే ఆ పురుగుమందు తాగాడు. గుంటూరు తీసుకువెళ్ళేలోపు దారిలోనే పోయాడు.

ఆ రోజుల్లో మన సంఘం కట్టడి అందరికీ గుర్తే. తమంతట తాము ప్రాణం తీసుకున్నవాళ్ళకు గంట కొట్టరు, ప్రార్థన చేయరు, తోట గోడ లోపల చోటివ్వరు. పెద్దలు ఆమె అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళు కఠినులు కారు. దారి చూపించడానికే వచ్చారు. అందరిలో పెద్దాయన అన్నాడు:

"మందు కొడుతుంటే గాలికి తగిలిందనండమ్మా. మేము ఇంకేమీ అడగం. గంట కొట్టిస్తాం, లోపలే పెట్టుకుందాం."

"వాడు తాగాడయ్యా" అన్నారామె.

కోడలు చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి అత్తగారి కాళ్ళు పట్టుకుంది. "అత్తా, ఒక్క మాట. ఆయన కోసం కాకపోతే నా కోసం."

ఆమె కోడలి తల మీద చెయ్యి వేశారు. తరువాత అన్నారు: "గాలికి పోయాడంటే వాడు పడ్డ బాధ ఎవరికీ తెలియదమ్మా. రేపు ఇంకొకడు అలాగే కూర్చుంటే వాణ్ణీ ఎవరూ చూడరు."

గోడ అవతల, సర్కారు తుమ్మల్లో పూడ్చారు. గంట లేదు. పాట ఆమె ఒక్కరే పాడారు, అదీ మధ్యలో ఆగిపోయింది. కోడలు పిల్లను తీసుకుని పర్చూరు దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ అత్తతో మాట్లాడలేదు. స్త్రీల కూడిక నడిపించే పని ఆమె నుంచి తీసేశారు. కన్నకొడుక్కి గంట దక్కనివ్వని తల్లి అన్నారు. ఆమె చేసింది సరైనదేనా అని నేను ఒకసారి అడిగాను. "తెలియదు టీచరుగారూ. నిజమని మాత్రం తెలుసు" అన్నారు. ఆమె ముఖంలో ఊరట ఏమీ లేదు.

మరుసటి ఏడు, సంఘానికి చెందని ఒక రైతు భార్య ఆమె గుమ్మంలోకి వచ్చింది. తన మొగుడు అన్నం మానేసి గొడ్ల చావిట్లో మందు డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడట. ఇంట్లోవాళ్ళతో అంటే పరువు పోతుందని నోరు మూయించారట. "మీరైతే దాచరని వచ్చానండి" అంది. బైబిలమ్మ గారు గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళారు. పొద్దుగూకేదాకా ఆ చావిట్లో అతనితో కూర్చుని, డబ్బాతో బయటికి వచ్చారు. ఏం చెప్పారని అడిగితే, మా అబ్బాయి సంగతి చెప్పాను, జరిగింది జరిగినట్టు, అన్నారు.

శుక్రవారం పెట్టె మోసినవాళ్ళలో ఆ రైతు ఉన్నాడు. ఆ వాక్యం చదవగానే నా వైపు తిరిగి, "అట్టా కాదు గదండీ" అన్నాడు.

కోడలూ వచ్చింది. లోపలికి రాలేదు. గోడ అవతల, మొగుడి సమాధి దగ్గర నిలబడింది. మైకు అక్కడికీ వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. "మా అత్త నోరు మూతపడేదాకా ఆగారు చూశారా" అంది. ఆ తరువాతే ఏడ్చింది.

మన పెద్దలు గౌరవం కోసమే ఆ మాట రాశారని నాకు తెలుసు. కానీ అది ప్రమాదమైతే అతను ఎనిమిదేళ్ళుగా గోడ బయట ఎందుకున్నాడు? ప్రమాదం కాకపోతే శుక్రవారం చదివిందేమిటి? ఇక జరగవలసినవి:

1. వచ్చే ఆదివారం ఆ వాక్యం దిద్ది చదవాలి. చదివినాయనే, అదే మైకులో.

2. ప్రాణం తీసుకున్నవాళ్ళను బయట పెట్టే కట్టడి ఉంచుతారో తీసేస్తారో సంఘమంతా కూర్చుని తేల్చాలి. గుసగుసలు చాలు.

3. తీసేస్తే, అటువైపు గోడ పడగొట్టి తుమ్మల అవతల కట్టాలి. ఇప్పుడు ఆమెను పెట్టింది ఆ గోడ పక్కనే. ఇటు తల్లి మీద పూలదండలు వాడుతున్నాయి, అటు కొడుకు మీద మేకలు పడుకుంటున్నాయి.