సయామీస్ పిల్లి, పేట పిల్లి

సాగర్ కాలువ పనుల రోజుల్లో జగ్గయ్యపేటలో మా మేడ మీది వాటాలోకి ఒక ఇంజినీరు గారి కుటుంబం అద్దెకు దిగింది. వాళ్ళతో పాటు ఒక పిల్లి కూడా దిగింది. ఒళ్ళంతా మీగడ రంగు, మూతీ చెవులూ కాళ్ళూ మాత్రం మసి పూసినట్టు నలుపు, నీలం కళ్ళు. సయామీస్ అట. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా గుమ్మం దాకా వచ్చి పలకరించని మా తాతయ్య, మిర్చి కొట్టు పెందలాడే కట్టేసి దాన్ని చూడడానికి మేడ మెట్లెక్కాడు.

కింద మాకూ ఒక పిల్లి ఉండేది. బూడిద రంగు, ఒంటి మీద చారలు. మా అత్తయ్య పెంచింది. అత్తయ్య అంటే నాన్న చెల్లెలు. కాపురానికి వెళ్ళిన కొత్తలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య ఏ పని మీద బయల్దేరినా తను ఎదురు రాకూడదు. చెప్పుల చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక పొద్దున సయామీస్ తాతయ్యకు అడ్డంగా పోయింది. మామూలుగా పిల్లి ఎదురైతే ఆయన వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని గానీ కదిలేవాడు కాదు. ఆ రోజు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఇదేమిటని సాయంత్రం అడిగాను.

"అది మామూలు పిల్లి కాదే, సయామీస్. దానికి శకునమేంటి?" అన్నాడు.

నేను ఊరుకుంటానా? సయామీస్ అంటే ఏమిటో కనుక్కుందామని ఇంజినీరు గారి భార్య దగ్గరికి వెళ్ళాను.

"సయాం అని ఒక దేశం ఉందమ్మా. అక్కడి పిల్లి అని అర్థం, అంతే. దొరలు అక్కణ్ణించి వాళ్ళ దేశం పట్టుకుపోయి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ దేశానికే పేరు మారిపోయింది, పిల్లికి మాత్రం పాతదే ఉండిపోయింది" అన్నారావిడ.

ఇంతేనా! ఈ వైభోగమంతా పుట్టిన చోటు పేరుకా? గబగబా కిందికొచ్చి అత్తయ్యకు చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"అయితే దేశం దాటితే గానీ దోషం పోదన్నమాట" అంది.

తర్వాత కొద్ది రోజులకు తాతయ్య నందిగామ కోర్టుకు వాయిదా మీద బయల్దేరాడు. మా బూడిద పిల్లి అడ్డం వచ్చింది. ఆయన యథాప్రకారం వెనక్కొచ్చి, నీళ్ళు తాగి, కూర్చున్నాడు. ఈలోగా బస్సు పోయింది. ఆయన కోర్టు చేరేసరికి ఆయన కేసు పిలుపు అయిపోయింది. కూర్చున్నది ఆయన, నింద పిల్లికి. ఇంటికి రాగానే గోనెసంచి తెచ్చి గుమ్మం దగ్గర పడేశాడు.

"పొద్దున్నే దీన్ని ఇందులో కట్టి చిల్లకల్లు అవతల వదిలేయిస్తా."

"ఎందుకు వదలాలి? అది సయాం పిల్లయితే ఇది పేట పిల్లి. దీనికీ ఊరుంది, పేరుంది!" అన్నాను.

"నోర్ముయ్!" అన్నాడు. నోరు మూశాను గానీ ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

తెల్లారి తాతయ్య చెప్పులేసుకుని, సంచి అందుకున్నాడు. అత్తయ్య తలుపు వెనక్కి వెళ్ళలేదు. పిల్లిని చంకనేసుకుని వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇద్దరం ఎదురొచ్చాం నాన్నా. వదిలేస్తే ఇద్దర్నీ కలిపి వదిలెయ్యండి. కూర్చుంటారో, వెళ్తారో మీ ఇష్టం."

తాతయ్య నా వైపు తిరిగి మంచినీళ్ళు తెమ్మన్నాడు.

"తేను" అన్నాను.

ఆయన అత్తయ్య వంక చూశాడు, పక్కకు జరుగుతుందేమోనని. తను అంగుళం కూడా జరగలేదు. చివరికి ఆయనే సంచి కింద పడేసి, ఒంటిని పక్కకు ఒదిగించుకుని, తనను దాటుకుని బజారుకు వెళ్ళాడు.