లప్పం కింద సొట్ట

మొన్న రాయ్‌పూర్ తెలీబంధాలో ఒక దుకాణం షట్టరుకు రంగు వేస్తున్నారు. ఆ పెయింటు వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. పెయింటరు "అరే మేడమ్, గీలా హై" అని, రంగు ఇంకా తడిగా ఉందని చెప్పేలోపే అరచేతి నిండా నీలం. కొత్త రంగు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం దాని కింద ఏముందో తడిమి చూస్తే గాని మనసు ఊరుకోదు. ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి అప్పలస్వామి గారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. అమ్మ నర్సు ఉద్యోగం మీద మా కుటుంబం కాకినాడ నుంచి రాయ్‌పూర్ వచ్చి స్థిరపడింది. మోవా దాటాక బిలాస్‌పూర్ రోడ్డులో ఉన్న ఒక గోడౌన్‌లో నేను ఇన్‌ఛార్జిగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. గోడౌన్ అంటే బస్తాలు పేర్చిన గది అనుకోకండి. ఇనుప స్తంభాల మీద ఐదంతస్తుల ర్యాకులు, ఒక్కో అంతస్తులో టన్నుల బరువు. ఫోర్క్‌లిఫ్ట్ మలుపు తిరిగేటప్పుడు స్తంభాలకు తగులుతూనే ఉంటుంది. ఆ ర్యాకులను ప్రతి సోమవారం పరీక్షించడానికి మా యజమాని పెట్టుకున్న మనిషే అప్పలస్వామి గారు. శ్రీకాకుళం వైపు వారు. రైల్వేలో కీమేన్‌గా ముప్ఫై ఏళ్లకు పైగా రోజూ పట్టాల వెంట నడిచి, బిగింపులు సరిచూసి రిటైరయ్యారు.

చేతిలో చిన్న సుత్తి, జేబులో సుద్దముక్క, దారానికి కట్టిన ఇనుప గుండు. అవే ఆయన సరంజామా. ప్రతి స్తంభం మొదలు దగ్గర తట్టి వినేవారు, గుండు వేలాడదీసి ఒరుగు చూసేవారు, సొట్ట కనిపిస్తే పక్కనే సుద్దతో తేదీ రాసేవారు. ఎవరు తొందరపెట్టినా ఒక్క స్తంభం వదిలేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. "అంకుల్, పోయిన వారమేగా చూశారు" అంటే, "పోయిన వారం సూసింది పోయిన వారానికే తల్లీ. ఈ వారం బండ్లు తిరగనేదేటి?" అనేవారు. ఏ డ్రైవరైనా వచ్చి ఫలానా చోట గుద్దానని చెబితే ముందు టీ తెప్పించేవారు, తరవాతే సొట్ట చూసేవారు. నేను అలా కాదు. డ్రైవర్లను నిలబెట్టి కడిగేసేదాన్ని. దాంతో వాళ్లు నాకు చెప్పడమే మానేశారు. నేనేమో గుద్దుళ్లు తగ్గాయని మురిసిపోయాను.

ఒకసారి సోమవారం పదకొండు గంటలకు పెద్ద కంపెనీ వాళ్లు గోడౌన్ చూడటానికి వస్తారన్నారు. వాళ్లకు నచ్చితే కొత్త కాంట్రాక్టు, దాంతోపాటు నా ఉద్యోగం ఖాయం. ఆదివారం పెయింటర్లను పిలిపించి, "సొట్టలన్నిటికీ లప్పం పెట్టి నున్నగా రంగెయ్యండి" అని చెప్పి ఇంటికి పోయాను. అంతకన్నా తెలివితక్కువ పని నేను మళ్లీ చేయలేదు.

సోమవారం పొద్దున అప్పలస్వామి గారు వచ్చి, తళతళలాడే స్తంభాలన్నీ ఒకసారి చూశారు. ఆయన సుద్దగీతలు ఒక్కటీ లేవు. మొదటి నుంచి తట్టడం మొదలుపెట్టారు. మూడో వరుసలో ఠంగుమనాల్సిన చోట సుత్తి మొద్దుగా మోగింది. అరచేత్తో తడిమారు. "దీని మీద బరువు దించీయాలి తల్లీ" అన్నారు.

అప్పుడు తొమ్మిదిన్నర. మేనేజరుకు ఫోను చేస్తే వద్దంటే వద్దన్నాడు, కంపెనీ వాళ్లు వెళ్లాక మధ్యాహ్నం చూసుకుందామన్నాడు. ఆ వరుస పక్కనే ఫ్యాను ఉంది. లేబుళ్లు అంటించే ఆడవాళ్లు నలుగురూ మధ్యాహ్నం అక్కడే కూర్చుని తింటారు. వాళ్లలో సుఖమతి అప్పటికే తన అన్నం డబ్బా తెచ్చి అక్కడ పెట్టుకుంది. "నాను సెప్పగలను గానీ, తాళాలు నీకాడ ఉన్నాయి" అన్నారాయన. నాకు ఏడుపొచ్చింది. ఆడవాళ్లను బయటికి పంపి, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే దుకాలు అనే డ్రైవరును పిలిచి దించమన్నాను.

పైనుంచి ఒక్కొక్కటే దించాక ఆయన లప్పం గీకారు. బండి గుద్దిన సొట్ట, దాని అంచున వేలెడు చీలిక. బరువు లేని ఆ స్తంభాన్ని చేత్తో నెట్టారు. తలుపు బందులాగా అది అక్కడ మడతపడి కదిలింది. దుకాలు బండి దిగి వచ్చి, "మై హీ ఠోకా థా, మేడమ్. ఆప్ చిల్లాతీ, ఇసీలియే నహీ బతాయా" అన్నాడు. శనివారం గుద్దింది తనేనట, నేను అరుస్తాననే చెప్పలేదట. అప్పలస్వామి గారు అతనికి టీ తెప్పించారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు.

వచ్చిన కంపెనీ వాళ్లు దారి నిండా దించిన సరుకు చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పలస్వామి గారు రంగు మాట ఎత్తలేదు. నేనే చెప్పాను, వేయించింది నేనేనని. కాంట్రాక్టు రాలేదు. నా ఉద్యోగం మరో ఏడాదికి గాని ఖాయం కాలేదు. మర్నాడు ప్రతి స్తంభం మీద లప్పం నేనే గీకాను. నా వెనకే ఆయన సుద్దతో తేదీలు రాసుకుంటూ వచ్చారు. ఒక్క మాట కూడా దెప్పలేదు. దానికి నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ సుత్తి ఇప్పుడు నా దగ్గరుంది. గుద్దానని చెప్పడానికి ఎవరొచ్చినా ముందు టీ తెప్పిస్తాను. ప్రతి సోమవారం మధ్యాహ్నం సుఖమతి డబ్బా చేత్తో పట్టుకుని ఆ ఫ్యాను దగ్గర నిలబడి, "బైఠ్ జాయే, మేడమ్?" అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. అయినా ఆ మూడో వరుస ఇంకోసారి తట్టి వినకుండా నేనెప్పుడూ కూర్చోమనలేదు.