బుచ్చమ్మ వెల్లుల్లి కారం నూడుల్స్

మేడ్చల్ బస్ డిపో ఎదుట బుచ్చమ్మ పన్నెండేళ్లు మిరపకాయ బజ్జీలు వేసింది. 1999లో పక్కనే ముత్తయ్య నూడుల్స్ బండి పెట్టాడు. నెల తిరిగేసరికి కాలేజీ పిల్లలంతా అటు మళ్లారు. బుచ్చమ్మకు కాలు నిలవలేదు. మూకుడు కింద మంట తగ్గించేది, పెంచేది, ఆ బండి వైపే చూసేది.

ఒకనాడు తనే పోయి ఒక ప్లేటు తిని చూసింది. "ఎట్ల జేస్తవ్ ముత్తయ్యా? నాగ్గూడ జర నేర్పరాదు?"

"నీతోని గాదక్కా. గీ కడాయి ఎగరేసుడు ఆడోళ్ల పని గాదు," అని నవ్వాడతను.

ఆ నవ్వు ఆమెను ఇంట్లో కూర్చోనివ్వలేదు. మర్నాడే బస్సెక్కి కొంపల్లి పోయింది, ఆ తర్వాత జీడిమెట్ల. కనిపించిన ప్రతి బండి దగ్గరా నిలబడి చూసింది. ఇంట్లో మొదటిసారి చేసినవి జావయ్యాయి, రెండోసారి ముద్దకట్టాయి.

"నన్నెందుకు పరేషాన్ జేస్తవే? బజ్జీలేసుకోరాదు," అని భర్త యాదగిరి కంచం పక్కకు జరిపాడు.

చివరికి గాజులరామారంలో ఒక వంటాయన కిటుకు చెప్పాడు. పూర్తిగా ఉడకకముందే వార్చి, చల్లనీళ్లు పోసి, నూనె రాసి ఆరబెట్టాలట. పోగులు విడివిడిగా వచ్చాయి. కానీ బండ్లవాళ్లు పోసే ఆ నల్లటి సాసు ఆమె నోటికి రుచించలేదు. సీసా పక్కన పెట్టి జీలకర్ర, కరివేపాకు పోపు వేసింది, బజ్జీల కోసం నూరిన వెల్లుల్లి కారం కలిపింది. కడాయి ఎగరేయకుండా రెండు అట్లకాడలతో తిప్పింది.

యాదగిరి తిని, "ఇంకింత పెట్టు," అన్నాడు.

ఏడాదిలో డిపో దగ్గర బస్సు దిగినవాళ్లు బుచ్చమ్మ నూడుల్స్ అని అడిగి మరీ వచ్చారు. 2006లో రోడ్డు వెడల్పు చేయడంతో బండ్లన్నీ కదిలాయి. ఆమె శామీర్‌పేట చెరువు దారికి మారింది.

మరుసటేడు కొంపల్లిలో ఒక బోర్డు చూసి ఆగిపోయింది. 'వెల్లుల్లి కారం నూడుల్స్'. బండి దుర్గాబాయి అనే పడుచుది.

"ఎవలు నేర్పిండ్రే నీకు?" బుచ్చమ్మ కోపంగా అడిగింది.

"ఎవ్వలు నేర్పలే అవ్వా. మేడ్చల్ల నీ బండి కాడ తిని తిని నేర్సుకున్న."

బుచ్చమ్మ ప్లేటు తీసుకుంది. రెండు ముద్దలకే కోపం ఎటో పోయింది, చేతులు మాత్రం ఊరుకోలేదు.

"పోపు మాడుతాంది. జరుగు," అంటూ కొంగు దోపి పొయ్యి ముందుకొచ్చింది. ఆ సాయంత్రం శామీర్‌పేటలో ఆమె బండి తెరవలేదు.