ఎలీనా కిటికీ కింద మనిషి

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. అమ్మ మీద ఒట్టు అనను. అమ్మ మీద ఒట్టేసి చిన్నప్పట్నుంచీ బోలెడు అబద్ధాలు ఆడాను. ఇది మాత్రం ఒట్టు లేకుండానే చెప్తున్నా. జరిగింది. నా కళ్ల ముందే జరిగింది. ఆ హాల్లో లైటు ఆపకండి... ఉండనీండి.

మీకు సుధీర్ తెలీదు కదా. కేంబ్రిడ్జ్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేర్. వాళ్లది ఒంగోలు, మాది తెనాలి. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ గుంటూరులో ఒకే రూము. నేనిక్కడ లండన్ పక్కన హేస్‌లో, ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో షిఫ్టులు పట్టుకుని పగలూ రాత్రీ తేడా లేకుండా తిరుగుతుంటాను. వాడిది శుభ్రమైన ఆఫీసు ఉద్యోగం. ముప్పై నాలుగేళ్లొచ్చాయి, పెళ్లి కాలేదు. రెండు సంబంధాలు తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయాయి. మంచోడే. కానీ ఎదురుగా ఆడపిల్ల కూర్చుంటే నోరు పెగలదు.

అలాంటోడు ఒకరోజు ఫోన్ చేసి, "రవి మావా, రీగా వెళ్దాం వస్తావా?" అన్నాడు.

"అదెక్కడ్రా?"

"లాట్వియా. మూడు గంటల్లోపే ఫ్లైటు."

"అంత చలిలో అక్కడేముందిరా?"

మెల్లగా, "ఎలీనా ఉంది," అన్నాడు.

డేటింగ్ యాప్‌లో పరిచయమంట. ఆర్నెల్లుగా రోజూ మాటలే. ఆ అమ్మాయి అక్కడ పళ్ల డాక్టర్ దగ్గర నర్సు. వీడియో కాల్‌లో నాకూ చూపించాడు. ముక్కు మీద మచ్చలు, పెద్ద నవ్వు. "ఒక్కణ్ణే వెళ్తే నాకు మాట రాదు మావా. నువ్వు పక్కనుంటే చాలు," అన్నాడు. ఇలా అడిగితే ఎలా కాదంటాం? మన పాస్‌పోర్టుకి వీసా అపాయింట్‌మెంటు దొరికేసరికే నెలన్నర పట్టింది. నేను రెండు షిఫ్టులు మార్చుకున్నా. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి దిగాం.

శనివారం పొద్దున్నుంచీ ఊరు చూశాం. ఎలీనా సాయంత్రం ఏడున్నరకి కలుస్తానంది. పాత ఊరంతా రాళ్లు పరిచిన సందులు. ఒక మేడ కొన మీద ఇనప పిల్లి వీపు విరుచుకుని నిలబడి ఉంటుంది. నది మీద మంచు పలకలు పలకలుగా తేలుతోంది. ఇంకో వీధిలో మేడల గోడలనిండా రాతి మొహాలు... నోళ్లు తెరిచి అరుస్తున్నట్టు. సుధీర్ ప్రతిదాని ముందూ ఫోటో తీయించుకున్నాడు. ఎలీనాకి పంపేవాడు, తను నవ్వుబొమ్మలు పంపేది.

మధ్యాహ్నం అక్కడి పెద్ద మార్కెట్‌కి వెళ్లాం. చేపలు, పచ్చళ్లు, నల్ల రొట్టె. ఒక ముసలామె బీట్‌రూట్ సూప్ అమ్ముతోంది. రెండు వేళ్లు చూపించా. ఆమె మూడు గిన్నెలు పోసింది. మళ్లీ రెండు వేళ్లు చూపించా. ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూసింది. ఏదో గొణిగి, మూడో గిన్నె కూడా ముందుకి తోసింది. "ఆకలి మొహాల్లా కనిపిస్తున్నాంరా," అని నవ్వుకున్నాం. ఆ గిన్నె అలాగే పొగలు కక్కుతూ బల్ల మీద ఉండిపోయింది.

అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు... నిజంగా.

సాయంత్రం ఎలీనా వచ్చింది. నేల కింద ఇటుకల బార్ అది, లోపల పాటలు పాడుతున్నారు. మావాడు లేచి నిలబడి, దండం పెట్టాలో చెయ్యివ్వాలో తెలీక రెండూ చేశాడు. తను గట్టిగా నవ్వేసి వాణ్ణి కావలించుకుంది. అంతే... వీడికి మాటలొచ్చేశాయి! ఒంగోలు గిత్తల నుంచి కేంబ్రిడ్జ్ సైకిళ్ల దాకా చెప్తూనే ఉన్నాడు. పదహారేళ్లుగా చూస్తున్నాను, వాడంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం.

ఎలీనా అక్కడి నల్లటి మందు ఒకటి తెప్పించింది. మన కషాయంలా ఉంటుంది. వెయిటర్ గ్లాసులు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు... నాలుగు. నాలుగోది నా పక్కనున్న ఖాళీ కుర్చీ ముందు.

ఎలీనా దాన్ని చూసి, "అవునూ, మీ ఇంకో ఫ్రెండ్ లోపలికి రాడా?" అంది. తను ఇంగ్లీషులోనే అంది, నేను తెలుగులో చెప్తున్నా.

"ఏ ఫ్రెండ్?" అన్నాడు సుధీర్.

"నేను వీధి చివర్నుంచి వస్తుంటే మీరు లోపలికి దిగుతున్నారు కదా. మీ వెనకాల ఇంకొకతను ఉన్నాడు. టోపీ లేదు. ఇంత చలిలో టోపీ లేకుండా ఎలా ఉన్నాడా అనుకున్నా."

ఎవరో దారిన పోయేవాడై ఉంటాడన్నాం. తనూ సరేనంది. ఆ నాలుగో గ్లాసు సుధీరే తాగేశాడు. నాకు మాత్రం మార్కెట్‌లో గిన్నె గుర్తొచ్చింది. చెప్పలేదు. వాడి సంతోషం పాడు చేయడం ఎందుకని... చెప్పలేదు.

ఒంటిగంట దాటాక తనని ఇంటి దగ్గర దింపడానికి నడిచి వెళ్లాం. పొద్దున చూసిన రాతి మొహాల వీధికి పక్కదే. మంచు పడటం అప్పుడే ఆగింది. ఎంత నిశ్శబ్దమంటే... మా బూట్ల కింద మంచు నలిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. కర్... కర్... కర్...

తన బిల్డింగ్ పాతది, తలుపుకి నంబర్లు నొక్కే తాళం. తను మూడో అంతస్తు. "పైకెళ్లి కిటికీలోంచి చెయ్యి ఊపుతాను, అప్పుడు వెళ్లండి," అంది. సుధీర్ బుగ్గ మీద ముద్దు పెట్టి లోపలికెళ్లింది. మేము రోడ్డుకి ఇవతలి పక్కన నిలబడ్డాం. మెట్ల దగ్గర వాటంతటవే వెలిగే లైట్లు. మనిషి ఎక్కుతుంటే ఒక్కో అంతస్తు కిటికీ వెలుగుతుంది. కింద వెలిగింది. ఒకటి వెలిగింది. రెండు. మూడు. తర్వాత ఒక్కొక్కటే ఆరిపోయాయి. తన ఇంట్లో లైటు వేసింది. కిటికీ దగ్గరికొచ్చింది. చెయ్యి ఊపింది. మావాడు రెండు చేతులూ ఊపాడు.

తను ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది.

అలాగే... గాల్లో... ఆగిపోయింది.

సుధీర్ ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

"సుధీర్... మీ పక్కన ఎవరు?"

"రవి. ఇంకెవరు?"

"రవి నీకు కుడి పక్కన ఉన్నాడు. నాకు కనిపిస్తున్నాడు. మీ ఇద్దరి వెనకాల ఎవరు?"

వెనక్కి తిరిగాను. గోడ. గోడకీ మాకూ మధ్య రెండడుగుల చోటు. అందులో మంచు. ఎవరూ లేరు.

"ఎవరూ లేరు ఎలీనా," అన్నాడు సుధీర్.

"బార్ దగ్గర చూసిన అతనే. టోపీ లేదు. మీరు తిరిగితే అతనూ తిరిగాడు." తను ఏడుస్తోంది. "నాతో ఆటలాడుతున్నారా?"

"లేదు. దేవుడి మీద ఒట్టు, లేదు."

అప్పుడొక మాట అంది. ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మీరిద్దరూ విడిపోండి. ఒకరు ఎడమకి, ఒకరు కుడికి నడవండి. అతను ఎవరితో వెళ్తాడో చెప్తాను."

సుధీర్ నా వైపు చూశాడు. వాడు ఎడమకి నడిచాడు, ఫోన్ చేతిలో పైకెత్తి పట్టుకుని. నేను కుడికి. పది అడుగులు... పదిహేను... వెనక్కి చూడాలంటే భయం. నా బూట్ల చప్పుడే వింటున్నా. కర్... కర్... దాని వెనక ఇంకో చప్పుడు ఉందా? ఉన్నట్టే ఉంది. ఆగాను. ఏం లేదు. ఆ చలిలో వీపంతా చెమట.

అంత నిశ్శబ్దంలో స్పీకర్‌లో తన గొంతు వీధి ఈ చివరికి కూడా స్పష్టంగా వినిపించింది.

"మీ ఇద్దరి వెంటా రావట్లేదు."

ఊపిరి పీల్చుకున్నా.

"అక్కడే నిలబడ్డాడు. పైకి చూస్తున్నాడు... నా వైపు." మెల్లగా వెనక్కి తిరిగాను. "రోడ్డు దాటుతున్నాడు." రోడ్డు ఖాళీగా ఉంది. "మా తలుపు దగ్గరికొచ్చాడు. కిటికీ కిందకి వచ్చేశాడు. ఇంక నాకు కనిపించట్లేదు. మీకు కనిపిస్తున్నాడా?"

మేమిద్దరం ఆ తలుపు వైపే చూస్తున్నాం. తలుపు మూసే ఉంది. తెరుచుకోలేదు. ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఇది మాత్రం కోర్టులో అయినా చెప్తాను.

మెట్ల దగ్గర కింద లైటు వెలిగింది.

కాసేపాగి... ఒకటో అంతస్తు వెలిగింది.

ఎవరో మెల్లగా ఎక్కుతున్నట్టు. తొందరేం లేనట్టు.

రెండో అంతస్తు వెలిగింది.

సుధీర్ రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు. తలుపు మీద దబదబా బాదాడు. "ఎలీనా! నంబరు చెప్పు! నేనొస్తా!" అని తెలుగులో అరుస్తున్నాడు. తెలుగులోనే! నేనూ పరిగెత్తాను. ఫోన్‌లో తను గుసగుసగా, "తలుపు కొట్టొద్దు. ఎవరినీ తీయనివ్వొద్దు. ప్లీజ్," అంటోంది.

"పోలీసులకి చెయ్యి!"

"ఏమని చెప్పాలి? మెట్ల మీద లైటు వెలిగిందనా?"

పైకి చూశాను. మూడోది వెలగలేదు. మేము చూస్తుండగానే కిందది ఆరింది. ఒకటోది ఆరింది. రెండోది మాత్రం చాలాసేపు వెలుగుతూనే ఉంది... అక్కడే ఎవరో ఆగి కదులుతున్నట్టు. తర్వాత అదీ ఆరింది. ఆ వెంటనే ఎలీనా ఇంట్లో లైటు ఆరిపోయింది. తనే ఆపిందంట.

"మీరు వెళ్లిపోండి. మీతో వచ్చాడు కదా, మీరు వెళ్తే వెళ్తాడేమో," అని ఫోన్ పెట్టేసింది.

సుధీర్ కదలనన్నాడు. పొద్దుటిదాకా ఇక్కడే ఉంటానన్నాడు. నేనే లాక్కొచ్చాను. "తనే వెళ్లమంది కదరా, ఆడపిల్ల మాట వినాలిరా," అని ఏవో చెప్పి, చెయ్యి పట్టుకుని, కొట్టినంత పని చేసి లాక్కొచ్చాను.

తెల్లారి మళ్లీ వెళ్లాం. బెల్ కొడితే ఎవరూ తీయలేదు. పదకొండింటికి మెసేజ్ వచ్చింది. "అక్క దగ్గరున్నా. బాగానే ఉన్నా. ఇవాళ కలవలేను. సారీ." మధ్యాహ్నం ఫ్లైటు. దారంతా వాడు ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

లండన్‌లో, లూటన్ ఎయిర్‌పోర్టులో దిగాక కాఫీకి ఆగాం. కౌంటర్‌లో అమ్మాయి మా ఇద్దర్నీ చూసి, "రెండేనా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "రెండే! రెండే!" అని పిచ్చోడిలా నవ్వాను.

సుధీర్ నవ్వలేదు. "అంటే అక్కడే ఉండిపోయాడు మావా," అన్నాడు.

ఎలీనా ఆ ఫ్లాట్ ఖాళీ చేసేసింది. నది అవతల అక్క వాళ్లింట్లో ఉంటోందని మాత్రం చెప్పింది. మళ్లీ కనిపించాడా అని సుధీర్ అడిగితే, "ఆ రాత్రి గురించి అడగొద్దు," అందంట. కనిపించాడనీ అనలేదు, లేదనీ అనలేదు. రోజూ ఉండే మాటలు వారానికొకసారి అయ్యాయి, తర్వాత అవీ లేవు. సుధీర్ నాకు ఫోన్ చేయడం కూడా తగ్గించాడు. నేను చేస్తే, బిజీ అంటాడు.

నేనూ ఆలోచించాను. సూప్ ఆమె పొరపాటు పడి ఉండొచ్చు. వెయిటర్ కూడా. ఎవరో తాగుబోతు మా వెనకాల తిరిగి ఉండొచ్చు. పాత బిల్డింగు కదా, లైట్లు వాటంతటవే వెలిగి ఉండొచ్చు. తనకి సుధీర్ నచ్చక నాటకమాడి ఉండొచ్చు. కానీ ఆ ఏడుపు నాటకం కాదు. నాకు ఏడుపు తెలుసు. ఉన్నాడనుకుంటే మాత్రం ఎవరు? సుధీర్ వెంట వచ్చాడా, నా వెంట వచ్చాడా? ఇక్కణ్ణుంచే వచ్చాడా? ఎన్నాళ్లుగా ఉన్నాడు? ఏమో.

ఒక్కటి మాత్రం తెలుసు. మీకు కాబట్టి చెప్తున్నా. ఆ వీధి చివర ఒంటరిగా నిలబడి, "మీ ఇద్దరి వెంటా రావట్లేదు" అని తను అన్నప్పుడు... నాకు ముందు కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. నా వెంట రాలేదు, చాలు అనిపించింది. తను పైన ఒక్కతే ఉందని గుర్తొచ్చింది ఆ తర్వాతే. సుధీర్‌ని నేను అక్కణ్ణుంచి లాక్కొచ్చింది కూడా అందుకే. వాడి కోసం కాదు, తన కోసం అంతకన్నా కాదు. ఆ మనిషి మనసు మార్చుకునేలోపు అక్కణ్ణుంచి పోవాలని.

ఈ సంగతి సుధీర్‌కి చెప్పలేదు. వాడికి తెలుసనుకుంటా.