మునగలేదన్న పడవ

మొన్న ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ తిరుగుతోంది కానీ స్టార్ట్ అందుకోవడం లేదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వచ్చి కళ్లు మండాయి. కాలని డీజిల్ వాసన అది. సిలిండర్ లోపల గాలి గట్టిగా నొక్కుకోకపోతే డీజిల్ అంటుకోదు, పచ్చిగానే బయటికి వస్తుంది. కంప్రెషన్ పోయిందంటాం. ఆ వాసన గొంతులోకి దిగగానే నాచారంలోని వీర్రాజు ఉస్తాద్ షెడ్డు గుర్తుకొచ్చింది. ఇదివరకైతే పనిలో పడి పక్కకు నెట్టేసేవాణ్ణి. ఇప్పుడు నెట్టే ఓపిక కూడా లేదు.

ఆయన పోయాక కూడా నాచారం టీ కొట్ల దగ్గర పాతవాళ్లు ఆయన గురించి ఒకే మాట అంటారు. "గా కాకినాడ ఉస్తాదా? చెవులు పోయినంక గూడ పని ఇడువలే. పడవ ఇంజన్ ఖరాబ్ జేసి మందిని నడి నీళ్లల్ల ఇడిసిండు." ఆ మాట తప్పు. ఆయన చెవులు చివరిదాకా బాగానే ఉన్నాయి. ఆ ఇంజిన్ విప్పింది నేను.

ఉస్తాద్ కాకినాడ రేవులో చేపల పడవల ఇంజిన్లు బాగుచేస్తూ పెరిగినవాడు. బావమరిది పిలిస్తే ఇటు వచ్చి, లేత్ షాపుల వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను జనగామ వైపు నుంచి వచ్చి, లారీలూ బోరు ఇంజిన్లూ చూసి, పెళ్లయ్యాక ఆయన దగ్గర చేరాను. ఆయనకో పద్ధతి ఉండేది. ఏ ఇంజిన్ వచ్చినా ముందు తాను ముట్టుకోడు. హ్యాండిల్ దాని యజమాని చేతికే ఇచ్చేవాడు. "నువ్వే తిప్పవయ్యా. మునుపెంత బరువుండేదో నీ చేతికి తెలుసు, నాకేం తెలుసు?" అనేవాడు. యజమాని తిప్పుతుంటే, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస గాలి పీల్చే చోట, సైలెన్సర్ దగ్గర, ఆయిల్ పోసే మూతి దగ్గర పెట్టి వినేవాడు. గాలి ఎటు కారితే అటు బుస్సుమంటుంది. లోపం వాల్వుల్లోనా, పిస్టన్ రింగుల్లోనా అన్నది అలా తేలిపోతుంది. నాకు ఆ తతంగమంతా విసుగ్గా ఉండేది. విప్పితే కనబడేదాన్ని వినడం దేనికని.

సాయిలు అనే పడవ మనిషి ఇంజిన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చిన రోజు కూడా అంతే జరిగింది. నల్లగొండ వైపు ఒక జలాశయంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని దాటించేవాడతను. హ్యాండిల్ తిప్పి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"చేతికి బరువే తగుల్తలేదు ఉస్తాద్. ఇదివరకు దున్నపోతు లెక్క తన్నేది."

ఉస్తాద్ మూడు చోట్లా విన్నాడు. మళ్లీ విన్నాడు. ఎక్కడా బుస లేదు. రింగుల సందులు మూసుకునేలా సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోయించి తిప్పించినా పెద్ద తేడా రాలేదు.

"గాలి ఎటూ పోవట్లేదురా నర్సింలూ. అసలు పూర్తిగా నొక్కుకోవట్లేదు," అని నాతో అని, సాయిలు వైపు తిరిగాడు. "పడవెక్కడైనా మునిగిందేవిటయ్యా?"

"మునుగుడా? నా పడవనా? లే ఉస్తాద్, ఏం మాట్లాడుతున్నవ్!"

ఉస్తాద్ గొట్టం చుట్టి కొక్కేనికి తగిలించాడు. మర్నాడు ఆయనకు కంటి ఆపరేషన్. వెళ్తూ, "నేనొచ్చాక పిస్టన్ మీద సీసం తీగ పెట్టి తిప్పి, ఎంత నలుగుతుందో, పైన ఎంత ఖాళీ మిగులుతుందో చూద్దాం. అందాకా విప్పమాకు," అన్నాడు.

ఆయన దవాఖానాలో ఉండగా సాయిలు మళ్లీ వచ్చాడు. ఆ ఒడ్డున మిర్చి ఏరేవాళ్లు దాటలేక ఆగిపోయారట. టీ తాగుతూ గొంతు తగ్గించాడు. "అన్నా, ఒట్టేసి చెప్పు, ఎవ్వల్తోటి అననని. గాలిదుమారం లేసిన్నాడు ఒడ్డుకాడ మునిగింది. ఇంజన్ నడుస్తనే నీళ్లల్లకు పోయింది. గీ ముచ్చట బయట పడితే నా పడవ ఎవ్వలెక్కుతరే? ఆడోళ్లు, పిలగాండ్లు ఎక్కుతరా?"

"నా నోరు దాటదు, ఫికర్ జెయ్యకు," అన్నాను.

నీళ్లంటే నాకు తుప్పు ఒక్కటే తెలుసు. నడుస్తున్న ఇంజిన్ నీళ్లు మింగితే, నొక్కుకోని ఆ నీటి మీద పిస్టన్ గుద్దుకుని, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగి పొట్టిదవుతుందని, ఆపైన గాలి పూర్తిగా నొక్కుకోదని తెలియదు. రేవులో పెరిగినవాడికి మొదట తట్టేది అదే. నేను విప్పాను. రింగులు కొంచెం అరిగి కనబడ్డాయి, కొత్తవి వేశాను. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్ అంచుకు కొద్దిగా కిందే ఆగింది. చూశాను. ఈ రకం ఇంజిన్ అంతేనేమో అనుకున్నాను. బలవంతంగా తిప్పితే అందుకుంది. సాయిలు నన్ను కౌగిలించుకున్నాడు. కంటికి కట్టుతో వచ్చిన ఉస్తాద్, ఇంజిన్ వెళ్లిపోయిన చోటు చూసి, "తీగ పెట్టావా?" అని మాత్రం అడిగాడు. అవసరం పడలేదన్నాను.

కొన్నాళ్లకు ఆ రాడ్ జలాశయం మధ్యలో తెగింది. తెగి ఇంజిన్ పక్క గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. నిండుగా మనుషులున్న పడవ గాలికి కొట్టుకుపోయి రాళ్ల వైపు వెళ్తుంటే, వలలు వేసేవాళ్లు తెప్పల మీద అడ్డం వెళ్లి ఆపారు. ఎవరి ప్రాణమూ పోలేదు. ఊరివాళ్లు మాత్రం ఆ ముక్కలైన ఇంజిన్‌తో మా షెడ్డు మీదికి వచ్చారు. చుట్టుపక్కల లేత్‌ల వాళ్లంతా పోగయ్యారు. సాయిలు తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఉస్తాద్ ఆ రాడ్ ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. "షెడ్డు నాది. తప్పూ నాదే. నా చెవికి అందలేదు," అన్నాడు.

"ముసలైనంక ఇంట్ల కూసోవాలె గద పెద్దమనిషీ!" అని ఎవరో అరిచారు. ఆయన దానికీ తల ఊపాడు.

అందరూ వెళ్లాక టీ దగ్గరి ముచ్చట ఆయనకు చెప్పాను. పోయి అందరికీ చెప్పి వస్తానన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆ రాడ్ ముక్కను గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆడు నాతో అనలేడ్రా. పడవోడికి అది బతుకు. నాతో అనగలిగినోడివి నువ్వే," అన్నాడు. "ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఆ పడవ ఇంకెవడూ ఎక్కడు. ఊరుకో," అన్నాడు.

ఊరుకున్నాను. షెడ్డుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. చివరికి ఆయన ఇంకొకరి షెడ్డులో ఒక మూల కూర్చుని కూలికి వాల్వులు నూరాడు. ఆయన ఊరుకోమన్నది సాయిలు పడవ మునిగిన సంగతి గురించి. నేను విప్పానన్న సంగతి దాచమని ఆయన ఎన్నడూ అనలేదు. రెండింటినీ ఒకే మూటలో కట్టి దాచుకున్నది నేనే.

ఇప్పుడు ఆ జలాశయం మీద వంతెన పడింది, పడవలు లేవు. ఇది రాసేముందు సాయిలును వెతుక్కుంటూ వెళ్లాను. చేపలు అమ్ముకుంటున్నాడు. విషయం చెబితే కత్తి పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూశాడు.

"గిన్నేండ్లకా, నర్సింలన్నా? ఆయన ఉన్నప్పుడు రాయకపోతివి."

"నువ్వు వద్దంటే ఇప్పుడు గూడ రాయ."

"మల్ల నా మీద పెడుతున్నవా? రాయి. సాయిలు పడవ మునిగిందని రాయి. మునగలేదని ఉస్తాద్ మొకం మీదనే అబద్ధం ఆడిండని రాయి. నీది గూడ రాయి, ఇడువకు."

రాశాను. బరువేమీ తగ్గలేదు. మాట ఇస్తే ప్రాణం పోయినా రహస్యాన్ని నోరు దాటనివ్వడని మా వాళ్లలో నాకు మంచి పేరుంది. పంపకాల తగువైనా, పెళ్లి మాటలైనా నమ్మి నా దగ్గరికి తెస్తారు. వాళ్లు అలా మెచ్చుకున్నప్పుడల్లా నడి నీళ్లలో ఇంజిన్ ఆగిపోయాక ఆ పడవలో ఎంత నిశ్శబ్దంగా ఉండి ఉంటుందో అనిపిస్తుంది. నేను దాచిన మాట మీద నడి నీళ్లలోకి వెళ్లింది వాళ్లు. ఆ పడవలో నేను లేను.